కాగితాల్లో చెల్లెలు

కేజీఎఫ్ కోర్టు కాంపౌండు గోడకు ఆనుకుని నీలం టార్పాలిన్ కింద టైపు మిషను పెట్టుకుని కూర్చునే మునిలక్ష్మి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా ఆమె ఒప్పుకోదు. "నా కథలో ఏముండాదన్నా, నీకు వేరే పని లేదా" అంటుంది. అయినా రాస్తున్నాను. ఇక్కడ నల్లకోటు వేసుకుని తిరిగేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మాలో సగం మందికి ఒక అర్జీ తప్పుల్లేకుండా రాయడం రాదు. ఆ సగంలో మొదటివాణ్ణి నేనే. నా పేరు ఈశ్వరప్ప.

మా అర్జీలన్నీ ఆమె చేతి మీదుగానే జడ్జిగారి ముందుకు పోతాయి. మేం గీకిచ్చిన చిత్తుకాగితం ఒకసారి చదువుతుంది. ఏమీ అనదు. మూడో పేరా తెచ్చి మొదట్లో పెడుతుంది, మేం మరిచిపోయిన తేదీ అడుగుతుంది, మేం గొప్పగా రాశామనుకున్న ముక్కను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. జడ్జిగారు "డ్రాఫ్టింగ్ బాగుంది ఈశ్వరప్పా" అన్నప్పుడల్లా నేను వంగి నమస్కారం పెడతాను. సిగ్గులేనితనం కూడా కొన్నాళ్ళకు అలవాటైపోతుంది.

ఆమె లాయరు కాకపోవడానికి కారణం మార్కులు చాలకపోవడమేనని ఇక్కడ అందరూ అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం నాకు తెలుసు.

మా ఇద్దరికీ రికార్డుల్లో తండ్రి ఒక్కడే. నా తండ్రి పేరు ఆవులప్ప, ఆమె తండ్రి పేరూ ఆవులప్పే. ఊరు కూడా ఒకటే, బేతమంగళ చెరువుకు అవతలున్న మా పల్లె. కులం దగ్గర ఇద్దరికీ వక్కలిగ అనే రాసి ఉంటుంది, ఊళ్ళో గౌడలని పిలిచే రైతుకులం అది. డిగ్రీ మొదటి ఏడు హాజరు పిలిచే లెక్చరరు రిజిస్టరు వంక రెండుసార్లు చూసి, "ఏమయ్యా, మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళా? పుట్టిన తేదీల మధ్య అయిదు నెలలే ఉందేమిటి!" అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. నేను తల దించుకున్నాను. మునిలక్ష్మి మాత్రం లేచి నిలబడి, "కాగితాల్లో అన్న సార్" అంది. ఆ రోజు నుంచి నన్ను అన్నా అనే పిలిచింది.

ఆమె కన్నతండ్రి అసలు పేరు రామాంజినప్ప. మా ఊరి ఎస్సీ కాలనీ మనిషి. ఆయన ఆవులప్ప ఎట్లా అయ్యాడో చెప్పాలి.

బంగారు గనులు కేంద్ర సర్కారు కంపెనీ చేతికి వచ్చిన మరుసటి ఏడు, 1973లో, ఎవరో బంధువు సిఫారసుతో మా నాన్నకు గనిలో పని దొరికింది. డాక్టరు పరీక్ష అయింది, పుస్తకంలో పేరెక్కింది, నంబరు కొట్టిన టోకెన్ చేతికిచ్చారు. మా నాన్న ఒకే ఒక్క షిఫ్టు దిగాడు. ఇనుప పెట్టెలో పదిమందితో కలిసి నిలబడి వేల అడుగుల లోతుకు జారడం, అక్కడ ఆ ఉక్క, ఆ రాతి కింద వంగి నడవడం ఆయన వల్ల కాలేదు. పైకొచ్చి వాంతి చేసుకున్నాడు. చంపినా మళ్ళీ దిగనన్నాడు. పని వదిలి వచ్చానంటే మా తాత చర్మం వలిచేస్తాడు. ఆ రోజు మా నాన్న ట్రంకుపెట్టె మోసుకుని తోడుగా వచ్చినవాడు రామాంజినప్ప. వాళ్ళ ఇంటివాళ్ళంతా మా పొలంలో పనిచేసేవాళ్ళే. ఇద్దరికీ ఇరవై ఏళ్ళు. మా నాన్న ఆ టోకెన్ రామాంజినప్ప చేతిలో పెట్టి, నా పేరు మీద నువ్వు దిగు అన్నాడు. మరుసటి పొద్దున ఆయన దిగాడు.

గని వాకిట్లో లెక్క టోకెన్లకే గాని ముఖాలకు కాదు. దిగేటప్పుడు ఇస్తే పలకకు తగిలిస్తారు, ఎక్కి వచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక పలక మీద ఒక టోకెన్ మిగిలిందంటే లోపల ఒక మనిషి మిగిలిపోయాడని అర్థం. అంతకు మించి ఎవరూ అడగరు. కొన్ని నెలలకు ఫోటో కార్డు చేసినప్పుడు దాని మీద రామాంజినప్ప ముఖం, ఆవులప్ప పేరు పడ్డాయి. మా నాన్న కంపెనీవాళ్ళే వద్దన్నారని తాతకు చెప్పి, ఊళ్ళో పట్టుపురుగులు మేపుకుంటూ ఉండిపోయాడు. కార్మికుల ఇళ్ళ వరుసలైన మైనింగ్ లైన్లలో ఇట్లాంటివాళ్ళు ఇంకా ఉండేవారట. టోకెన్ పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. అందరి నాయనలకూ రెండేసి పేర్లుంటాయనే మునిలక్ష్మి చాలాకాలం అనుకుందట.

ఆమెను బడిలో చేర్చినప్పుడు అయ్యవారు తండ్రి కార్డు అడిగి తీసుకుని, అందులో ఉన్న పేరూ ఊరూ రాసుకున్నాడు. ఆ ఊరి ఆవులప్పలు ఏ కులమో ఆయనే చెప్పి, ఆయనే రాసుకున్నాడు. రామాంజినప్ప పక్కన నిలబడి "అవును సార్" అన్నాడు. కాదంటే పని పోతుంది.

పదిహేనేళ్ళ వయసుకే మునిలక్ష్మి లైన్లలోని ఇళ్ళన్నిటికీ అర్జీలు రాసేది. కొళాయికి నీళ్ళు రావడం లేదని, రేకు ఎగిరిపోయిందని, హాస్పిటల్లో మందు బయట కొనుక్కోమంటున్నారని. వచ్చినవాళ్ళు ఏడ్చుకుంటూ కథంతా చెప్పేవారు. ఈ పిల్ల మూడే ప్రశ్నలు అడిగేది. "ఎప్పుడు? యాడ? ఎవురు చూసినారు?" ఒకసారి యూనియన్ ఆఫీసులో పెద్దాయన ఒకాయన ఆ అర్జీ చదివి, ఇది ఏ లాయరు రాశాడని అడిగాడట. ఆ మాట రామాంజినప్ప చెవిన పడింది. ఆయన అప్పటికే దగ్గుతున్నాడు. గని దుమ్ము ఎవరి పేరు మీద దిగినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. "నా కూతురు కోటు ఏసుకొంటాది" అని లైనంతా చెప్పుకుని తిరిగాడు.

కాలేజీలో మూడేళ్ళూ నేను ఆమె నోట్సే చదివాను. ఇందులో దాచేదేమీ లేదు. ఆమె రాసేది, నేను ఇంటికి తీసుకెళ్ళి ఎక్కించుకునేవాణ్ణి. చివరి ఏడు, 2001 ఫిబ్రవరి ఆఖరి రోజున గనులు మూసేశారు. అరవై డెబ్బై ఏళ్ళుగా జనాన్ని నిద్రలేపిన సైరన్ ఆగిపోయింది. లైన్లలోని ఆడవాళ్ళు గని గేటు ముందు కూర్చున్నారు, మగవాళ్ళు ఏం చేయాలో తోచక ఇళ్ళ ముందు గుంపులు గుంపులుగా నిలబడ్డారు. మార్చి నెలంతా మునిలక్ష్మి వాళ్ళకు అర్జీలు రాసిపెడుతూనే ఉంది. ఏప్రిల్లో పరీక్షలు. నాకు మా పల్లెలో వేరే పని లేదు, ఆమె నోట్సు ముందేసుకుని బట్టీపట్టాను.

నాకు నలభై ఆరు శాతం వచ్చింది. ఆమెకు నలభై మూడు.

నోట్సు రాసిన మనిషికి నలభై మూడు, దాన్ని మింగిన వాడికి నలభై ఆరు. పదేళ్ళుగా న్యాయస్థానంలో పనిచేస్తున్నాను, ఇప్పటికీ ఈ లెక్క నాకు మింగుడుపడదు.

బెంగళూరులో ఒక లా కాలేజీ నుంచి దరఖాస్తు పుస్తకాలు తెచ్చుకున్నాం. డిగ్రీలో నలభై అయిదు శాతం ఉండాలని ఒక వరుసలో ఉంది. ఎస్సీ, ఎస్టీలకు నలభై చాలని కింది వరుసలో ఉంది. నేను పై వరుస దగ్గరే ఆగిపోయాను. మునిలక్ష్మి కింది వరుస మీద వేలు పెట్టింది.

"నేను నిజంగా ఎస్సీనే కదన్నా. ఉండేది ఉన్నట్టు చెప్పేదానికి భయమెందుకు?" అంది.

తాలూకా ఆఫీసులో కుల సర్టిఫికెట్లు చూసే గుమాస్తా మంచివాడు. ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు, టీసీ చూశాడు, రామాంజినప్ప గని కార్డు చూశాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా, టీసీలో వక్కలిగ అని ఉండాది. మీ నాయన ఒక్కడే వచ్చి నేను ఆవులప్ప కాదు, రామాంజినప్ప అంటే చాలదు. ఆ అసలు ఆవులప్ప బతికే ఉండాడు కదా? ఆయప్ప సంతకం చెయ్యల్ల. నా పేరు మీద గనిలో పని చేసింది ఈ మనిషి, ఈయమ్మ ఆ మనిషి కూతురు అని. ఆ కాగితం ఒకటి తెస్తే నేను ఆ పొద్దే సాహెబ్బుల ముందర పెడతాను" అన్నాడు.

దరఖాస్తుకు మూడు రోజుల గడువుంది.

రామాంజినప్ప ఇంట్లో ఆ మధ్యాహ్నం పెద్ద గొడవే అయిందట. మునిలక్ష్మి తల్లి మారమ్మ నెత్తి కొట్టుకుంది. కంపెనీ ఇల్లు ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది. పేరు అబద్ధమని తేలితే సామాను వీధిలో పడేస్తారని ఆమె భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. రామాంజినప్ప మాత్రం చొక్కా తొడుక్కున్నాడు. "పేరు ఆయప్పది గానీ ఒళ్ళు నాది. నేనేం దొంగతనం చేసినానా?" అని కూతుర్ని వెంటబెట్టుకుని మా ఊరి బస్సెక్కాడు.

వాళ్ళు వచ్చేసరికి మా ఇంట్లో పట్టుగూళ్ళు విప్పుతున్నాం. పురుగులు గూళ్ళు కట్టిన వెదురు చంద్రికలు ఇంటి ముందరి అరుగుకు, మా జగలికి ఆనించి, మా నాన్న గూళ్ళు ఒక్కొక్కటే లాగి బుట్టలో వేస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ఏరుతున్నాను. రామాంజినప్ప జగలి ఎక్కలేదు. కింద రాయి మీద కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు మా నాన్న పేరుతో బతికిన మనిషి మా నాన్న జగలి మీద కూర్చోకూడదు, అది మా ఊరి పద్ధతి. అప్పుడు నాకది పట్టలేదు. మా అమ్మ లక్ష్మీదేవమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి కింద పెట్టింది. మునిలక్ష్మి దూరంగా పశువుల కొట్టం దగ్గర నిలబడింది.

రామాంజినప్ప స్టాంపు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సంగతంతా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చి ఆగాడు.

"గౌడా, ఇరవై ఎనిమిదేండ్లు నీ పేరు మోసినాను. దానికి ఒక్క చెడ్డమాట రానీలేదు. లేటు లేదు, మెమో లేదు. ఇంగ నా పేరు నాకు ఇప్పించు. నాకోసరం కాదు, బిడ్డకు కావల్ల."

మా నాన్న చెడ్డవాడేమీ కాదు. చేతిలోని గూడు బుట్టలో వేశాడు. "నేనేం కాదంటానా రామాంజినా? నువ్వు నా ప్రాణం కాపాడినోడివి. అయితే ఇది సర్కారు కాగితం. కంపెనీకి మోసం చేసినావని రేపు పోలీసోళ్ళొచ్చి నన్ను ఎత్తుకొనిపోతే నేనేం చేసేది?" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమిరా ఈశ్వరా, లా చదివేదానికి పోతా ఉండేది నువ్వు. నువ్వే చెప్పు. సంతకం చేస్తే నాకేమన్నా అవుతాదా?"

నాకు చట్టం గురించి ఓనమాలు కూడా తెలియవు. దరఖాస్తు నింపడం తప్ప ఆ చదువు గురించి నేను చేసిందేమీ లేదు. తెలీదు నాయనా, ఎవరైనా లాయరును అడుగుదాం అనొచ్చు. బేతమంగళలో ఒక లాయరు ఉన్నాడు, సైకిల్ మీద వెళితే అరగంట. అది నాకు తోచకపోలేదు. దానికంటే ముందు తోచింది ఇంకొకటుంది. నాన్న కేసులో ఇరుక్కుంటే నా సీటు ఏమవుతుందో అనుకున్నాను. దాని వెనకే, లా కాలేజీలో కూడా మూడేళ్ళు ఈ అమ్మాయి పక్కన రెండోవాణ్ణిగా కూర్చోవాలా అనుకున్నాను. నలభై మూడు శాతం మనిషి ముందు మళ్ళీ నోట్సు కోసం చేయి చాచాలా అని. ఇంత నీచమైన ఆలోచన అంత తొందరగా ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు, వచ్చిన మాట మాత్రం నిజం.

"కేసు కావచ్చు నాయనా," అన్నాను. "జైలు గూడా పడొచ్చు."

మా నాన్న మళ్ళీ గూళ్ళ మీదికి వంగాడు. స్టాంపు కాగితం వైపు చూడటం కూడా మానేశాడు. రామాంజినప్ప నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు చూశాడు. "సరేలేప్పా. చదువుకొనే పిల్లోడు, తెలిసే చెప్తాడు" అని లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మ ఇంత అన్నం తినిపొమ్మంది. బస్సుకు టైమైందని చెప్పి వెళ్ళిపోయారు. కొట్టం జగలికి చాలా దూరం, మునిలక్ష్మికి నా మాట వినపడి ఉండదని నాకు నేనే చెప్పుకున్నాను.

గడువు ఆఖరి రోజు ఇద్దరం ఒకే రైల్లో బెంగళూరు వెళ్ళాం. ఆమె నలభై మూడు శాతంతోనే దరఖాస్తు ఇచ్చింది. కిటికీ వెనకున్న మనిషి మార్కుల కాగితం మీద వేలు పెట్టి, కాగితాలన్నీ వెనక్కి తోసేశాడు. ఎస్సీ సర్టిఫికెట్టు నెల రోజుల్లో తెస్తే తీసుకుంటారా అని ఆమె కన్నడలో మర్యాదగా అడిగింది. ఈ ఏడు కాదన్నాడు. నా కాగితాలు తీసుకుని ముద్ర వేశాడు. "నీది తీసుకొనినారా? మంచిదాయె" అంది మునిలక్ష్మి. నా పని పూర్తయ్యేదాకా గంటన్నర బయట గేటు దగ్గర నిలబడింది. నాకు అక్కడ ఇచ్చిన పాఠాల పట్టిక తిరుగు రైల్లో అడిగి తీసుకుని, బంగారపేట వచ్చేదాకా చదువుతూనే కూర్చుంది. ఆ తర్వాత జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజంత నరకం నేను మళ్ళీ చూడలేదు.

మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నించి ఉండొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. జైలు అనే మాట ఒకసారి చెవిన పడ్డాక మారమ్మ ఆ కాగితం ఊసు ఇంట్లో ఎత్తనివ్వలేదు. రామాంజినప్పకు రాను రాను నాలుగడుగులు వేస్తే ఆయాసం. మునిలక్ష్మి రాబర్ట్‌సన్‌పేటలో టైపు నేర్చుకుంది. 2002లో కోర్టు గోడ పక్కన కూర్చుంది. రెండేళ్ళ తర్వాత నేను నల్లకోటు వేసుకుని అదే గేటులోంచి లోపలికి పోయాను. నా మొదటి వకాల్తా ఆమే టైపు చేసింది. "కోటు బాగుండాదన్నా, భుజాల కాడ రవ్వంత వదులు" అంది.

లోపలికి వెళ్ళిన మొదటి సంవత్సరమే మా సీనియర్‌ను అడిగాను. ఎవరి పేరూ చెప్పలేదు, ఊరికే ఒక కేసులాగా అడిగాను. ఆయన పడీపడీ నవ్వాడు. "మూతబడిన కంపెనీ, ముప్పై ఏళ్ళనాటి టోకెన్! ఎవడయ్యా కేసు వేసేది? ఆ ముసలాయన సంతకం పెట్టేసి, ఇంటికి పోయి భోంచేసి పడుకోవాల్సింది" అన్నాడు. ఆ సాయంత్రం నేను ఇంకో గేటులోంచి ఇంటికి వెళ్ళాను. నేను చెప్పింది తప్పని తేలాక పదేళ్ళు గడిచాయి. ఆ పదేళ్ళూ వారానికి అయిదు రోజులు ఆమె ముందు నిలబడి చిత్తుకాగితాలిచ్చాను. రేపు చెబుదాం అనుకున్న రోజులు ఉన్నాయి. అసలు గుర్తే రాని రోజులు వాటికంటే ఎక్కువ, అదే నాకు భయం వేసే సంగతి.

ఆమె ఎట్లా బతికిందని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉదయం పదింటికి వస్తుంది, మిషను మీద గుడ్డ తీస్తుంది. కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేసిన కుర్రాళ్ళు, పొలం గట్టు కోసం కొట్టుకున్న అన్నదమ్ములు, మొగుడి పేరు కార్డులో తప్పుపడిన ఆడవాళ్ళు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. వాళ్ళను అవే మూడు ప్రశ్నలు అడుగుతుంది. కొత్తగా వచ్చిన జూనియర్లు సెక్షన్ నంబర్లు కూడా ఆమెనే అడుగుతారు. కోర్టు హాల్లోకి మాత్రం ఆమె ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. కాగితాలు కిటికీలోంచి అందిస్తుంది. ఎందుకని ఒక జూనియర్ అడిగితే, లోపల నాకు పనేముండాది అంది.

2014లో రామాంజినప్ప చనిపోయాడు. ఆస్పత్రిలో, ఓటరు కార్డులో, రేషను కార్డులో అంతా ఆవులప్పే. కాబట్టి చావు కూడా ఆవులప్ప పేరు మీదే రాయబోతున్నారు. ఈ సంగతి నేను ఇంట్లో చెప్పినప్పుడు, మా నాన్న తింటున్న ముద్ద పళ్ళెంలో వదిలేశాడు.

"ఊరు మనదే రాస్తారా?" అన్నాడు.

"కార్డులో ఉండేదే రాస్తారు నాయనా."

"అట్లయితే నేను చచ్చినట్టు కదరా! పొలం కాగితాలు ఏం గావల్ల? రేపే పోదాం పద. ఆయప్ప రామాంజినప్ప అని నేను చెప్తాను. యాడ సంతకం చెయ్యమంటే ఆడ చేస్తాను."

అప్పుడు భయంతో సంతకం చేయని మనిషి, ఇప్పుడు అంతకంటే పెద్ద భయంతో సంతకం చేస్తానంటున్నాడు. నాకు రోత పుట్టింది. ఆయన మీద కాదు, నా మీద నాకే.

మూడో రోజు కర్మ అయిన మరుసటి పొద్దున మునిలక్ష్మి పనిలోకి వచ్చింది. మారమ్మ నగరసభ ఆఫీసు మెట్ల మీద కూర్చుని కాగితం కోసం ఎదురుచూస్తోంది. నేను మా నాన్నను వెంటబెట్టుకుని మునిలక్ష్మి మిషను దగ్గరికి వెళ్ళాను. ఆయనకు చెవులు సరిగా వినపడవు, కాస్త దూరంలో అరుగు మీద కూర్చోబెట్టాను. నేను రాసుకొచ్చిన చిత్తుకాగితం ఆమెకిచ్చాను. చదివింది, పక్కన పెట్టేసింది. కొత్త కాగితం మిషనులో ఎక్కించి, దేన్నీ చూడకుండా టైపు చేయడం మొదలుపెట్టింది. సగం పేజీ అయ్యాక, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఆ దినం కొట్టం కాడ నిలబడుకొని ఇన్నాను అన్నా."

నేను మా నాన్న కూర్చున్న అరుగు వైపు చూశాను.

"కేసు కావచ్చు అన్నావు. జైలు పడొచ్చు అన్నావు. నీకు తెలీదని నాకు తెలుసు. ఆ పాఠం నేను నీకు నోట్సులో రాసిచ్చింటే కదా తెలిసేది." చేతులు ఆగలేదు. "బస్సులో మా నాయన అన్నాడు, ఆ పిల్లోడు భయపడినాడమ్మా, ఈ మాట ఎవురితోనూ అనద్దు, ఆ బిడ్డకు పేరు చెడిపోతాదని. అందుకే నేను అడగలేదు. నువ్వయినా చెప్తావేమో అని కొన్నేండ్లు చూసినాను."

"మునిలక్ష్మీ, నేను..."

"ఇప్పుడొద్దన్నా. అమ్మ ఆడ ఎండలో కూచొని ఉండాది. నోటరీ ఒంటిగంటకు లేచిపోతాడు."

కాగితం లాగి, మా నాన్నను చేయెత్తి పిలిచింది. "గౌడా, రాప్పా, ఈడ." మా నాన్న ఆదరాబాదరాగా వచ్చి, చదవకుండానే, చూపించిన చోట సంతకం చేశాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నా పేరు మీద గనిలో పనిచేసిన వ్యక్తి రామాంజినప్ప అని, ఆయన కుమార్తె మునిలక్ష్మి అని అందులో ఉంది. పదమూడేళ్ళ కిందట తాలూకా ఆఫీసు గుమాస్తా అడిగింది ఆ రెండు ముక్కలే. మా నాన్న గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుని, టీ తాగొస్తానని పోయాడు.

మునిలక్ష్మి కాగితాన్ని నా వైపు తిప్పింది. సంతకం చేసిన మనిషి నాకు స్వయంగా తెలుసని లాయరు ధ్రువీకరించే చోట వేలు పెట్టి చూపించింది. సంతకం పెట్టాను. దాని కింద పేరు రాయబోయి ఆగాను. నా పేరూ, పేరు కింద అడ్వకేట్ అనే మాటా ఆమె ముందే టైపు చేసి పెట్టింది.